నక్షత్రాల పగటివేషం... పట్టుకునేదెలా?

దూరపు గెలాక్సీలో ఒక కొత్త చుక్క కనిపించింది. పాత ఫొటోలో లేదు, ఈ రాత్రి ఫొటోలో ఉంది. సూపర్‌నోవా అని లేబుల్ వేశారు, పేరు కూడా ఇచ్చేశారు. కొన్నాళ్లకు తెలిసింది, ఆ నక్షత్రం చావనే లేదని. లేబుల్ మార్చారు. మూడేళ్లకు అదే చుక్క మళ్లీ వెలిగింది, ఈసారి మరీ ఎక్కువగా. లేబుల్ మీద మళ్లీ గొడవ. ఆ గొడవ తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ అంటూ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న మీకు ఈ కథ ఎందుకు అంటారా? మీ రెజ్యూమెలో ప్రాజెక్టుల కింద ఏం రాశారో ఒకసారి చూసుకోండి. టైటానిక్‌లో ఎవరు బతికారు, ఐరిస్ పువ్వు ఏ రకం... ఇవేనా? తప్పు లేదు, అందరం అక్కడే మొదలుపెట్టాం. కానీ ఆ డేటాలో జవాబు ముందే రాసి ఉంటుంది, అది ఎప్పటికీ మారదు. బయట ఉద్యోగంలో ఎదురయ్యే డేటా అలా ఉండదు. లేబుల్ ఆలస్యంగా వస్తుంది, వచ్చింది కూడా తప్పు కావచ్చు. అలాంటి డేటా, అదీ అసలైనది, ఉచితంగా, ప్రతి రాత్రీ కొత్తగా దొరికే చోటు ఒకటుంది. ఆకాశం.

పేరులోనే పొరపాటు

పైన చెప్పిన చుక్క పేరు ఎస్‌ఎన్ 2009ఐపీ. 2009 ఆగస్టు 26న చిలీలోని చేజ్ అనే సర్వే టీం దీన్ని పట్టుకుంది. అది ఉన్నది ఎన్‌జీసీ 7259 అనే గెలాక్సీలో, మన నుంచి ఆరేడు కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే దూరంలో. ఎస్‌ఎన్ అంటే సూపర్‌నోవా. ఐపీ అంటే ఆ ఏడాది వరసలో 250వ పేరు. ఎక్సెల్ కాలమ్స్ గుర్తున్నాయా? ఏ నుంచి జెడ్, ఆ తర్వాత ఏఏ, ఏబీ... సరిగ్గా అదే లెక్క. ఎక్సెల్‌లో ఐపీ కాలమ్ కూడా 250వదే, కావాలంటే ఓపెన్ చేసి చూడండి.

సూపర్‌నోవా అన్నారు గానీ దాని వెలుగు సరిపోలేదు. ఉండాల్సినంత ప్రకాశం లేదు. హబుల్ టెలిస్కోప్ 1999లో తీసిన ఫొటోలు తిరగేస్తే, సరిగ్గా అదే చోట ఒక భారీ నక్షత్రం ఉంది. సూర్యుడికి 50 నుంచి 80 రెట్ల ద్రవ్యరాశి ఉంటుందని 2010లో నేథన్ స్మిత్ బృందం లెక్కగట్టింది. అంటే అది పేలలేదు, పొంగింది. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె దాటి పోయినట్టు, పైపొరల్ని బయటికి చిమ్మి మళ్లీ సర్దుకుంది. 2010, 2011లోనూ పొంగింది.

ఇలాంటివాటినే సూపర్‌నోవా ఇంపోస్టర్స్ అంటారు. మన పగటివేషగాళ్లే అనుకోండి. వేషం చూస్తే దేవుడే దిగొచ్చాడనిపిస్తుంది, సాయంత్రానికి రంగు కడిగేసుకుంటాడు.

ఇక 2012. జులై చివర్లో మళ్లీ వెలుగు పెరిగింది. ఇదీ మామూలు పొంగే అనుకుంటుండగా సెప్టెంబరులో స్పెక్ట్రమ్ మారిపోయింది. సెకనుకు 13 వేల కిలోమీటర్ల దాకా వేగంతో పదార్థం దూసుకొస్తున్న ఆనవాళ్లు కనిపించాయి. సెప్టెంబరు చివర్లో వెలుగు ఒక్కసారిగా ఎగబాకింది. అక్టోబరు మొదట్లో 2009 నాటి పొంగుకు దాదాపు పాతిక రెట్ల స్థాయికి చేరింది. కొందరు 'ఇది నిజమైన సూపర్‌నోవా' అన్నారు. ఇంకొందరు 'ఆగండి, ఇంతకుముందు చిమ్మిన పదార్థాన్ని కొత్తగా చిమ్మిన పదార్థం ఢీకొట్టినా ఇంత వెలుగు రావచ్చు, నక్షత్రం లోపల బతికే ఉండొచ్చు' అన్నారు. రెండు పక్షాలవాళ్లూ ఘనులే, రెండు పక్షాల చేతిలోనూ ఒకే డేటా.

దీన్ని తేల్చగలిగేది ఒక్కటే. ధూళి తగ్గి, వెలుగు చల్లారి, ఆ చోట నక్షత్రం ఉందో లేదో చూడటం. 2022లో స్మిత్ బృందమే హబుల్ కొత్త ఫొటోలతో పేపర్ రాసింది. ఆ చుక్క 1999లో ఉన్న నక్షత్రం కంటే మసకబారిపోయింది. నక్షత్రం లేదు, పోయింది. కనిపెట్టిన పదమూడేళ్లకు ఎస్‌ఎన్ అన్న పేరు నిజమైంది. కాకపోతే 2009లో కాదు, 2012లో.

పొంగు వేరు, పేలుడు వేరు

కాస్త ఫిజిక్స్ చెప్పుకోక తప్పదు. సూర్యుడికి ఎనిమిది రెట్లకు మించిన నక్షత్రంలో ఇంధనం అయిపోయాక నడిమి భాగం తన బరువుకు తానే కూలిపోతుంది. పైపొరలన్నీ సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో విసిరేయబడతాయి. అది సూపర్‌నోవా. ఒకే ఒక్కసారి జరుగుతుంది, ఆ తర్వాత నక్షత్రం ఉండదు.

పొంగు అలా కాదు. మరీ భారీ నక్షత్రాల్లో లోపలి నుంచి తన్నుకొచ్చే కాంతి ఒత్తిడికీ, లోపలికి లాగే గురుత్వాకర్షణకూ మధ్య ఎప్పుడూ తాడాటే. కాంతిది పైచేయి అయిన రోజున పైపొరలు తెగిపోతాయి. పక్కనే జంట నక్షత్రం ఉంటే దాని ప్రభావం కూడా తోడవ్వచ్చు. ఏ పొంగుకు ఏది కారణమన్న చర్చ ఇంకా నడుస్తోంది.

ఇలాంటి పొంగు మన పాలపుంతలోనే జరిగింది. ఈటా కరీనే అనే నక్షత్రం, 7,500 కాంతి సంవత్సరాల దూరం. 1837 డిసెంబరులో దక్షిణాఫ్రికా కేప్ నుంచి ఆకాశాన్ని చూస్తున్న జాన్ హెర్షెల్, అది ఉన్నట్టుండి వెలిగిపోవడం గమనించాడు. 1843లో ఒక దశలో ఆకాశంలో సిరియస్ తర్వాత అంతటి ప్రకాశవంతమైన నక్షత్రం అదే. తర్వాత మెల్లగా మసకబారి మామూలు కంటికి కనిపించకుండా పోయింది. పది సూర్యుళ్ల బరువుకు పైగా పదార్థాన్ని బయటికి కక్కి కూడా బతికే ఉంది. ఇప్పుడు మళ్లీ కొంచెం కొంచెం ప్రకాశిస్తోంది. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిది, పది గంటలకు మన దగ్గరి నుంచి కూడా చూడొచ్చు. హైదరాబాద్‌లో దక్షిణ దిక్కున 13 డిగ్రీలకు మించి పైకి రాదు కాబట్టి అపార్ట్‌మెంట్ల మధ్య కుదరదు. ఊరి బయట, లైట్లు లేని చోట, ఒక బైనాక్యులర్‌తో ప్రయత్నించండి. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు ఇంకాస్త నయం.

అదే ఈటా కరీనే ఆరు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పొంగి ఉంటే మనకు కనిపించేది కొత్తగా వచ్చిన ఒక చుక్క, అంతే. మరి దాన్ని సూపర్‌నోవా నుంచి విడదీయడం ఎలా?

మొదట వెలుగు లెక్క

ఆకాశంలో వెలుగును మాగ్నిట్యూడ్‌లో కొలుస్తారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ర్యాంకుల్లాగే, ఒకటో ర్యాంకు పదో ర్యాంకు కంటే మేలు కదా. ఒక చుక్క 17.5 మాగ్నిట్యూడ్‌తో కనిపించిందనుకుందాం. అది ఉన్న గెలాక్సీ 6.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ దూరానికి తగ్గించాల్సిన విలువ 31.5. తీసేస్తే అసలు మాగ్నిట్యూడ్ మైనస్ 14. మామూలుగా సూపర్‌నోవాలు మైనస్ 16 నుంచి మైనస్ 19 దాకా వెళ్తాయి. ఇంపోస్టర్లు ఎక్కువగా మైనస్ 11, మైనస్ 15 మధ్య ఆగిపోతాయి. మైనస్ 14కూ మైనస్ 17కూ తేడా మూడే కదా అనుకోకండి, వెలుగులో అది 16 రెట్లు.

ఇంకేం, మైనస్ 15 దగ్గర గీత గీసేద్దాం, ఒక ఇఫ్-ఎల్స్ రాసేద్దాం అనిపిస్తుంది. సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటాం. ముందు ధూళి అడ్డం ఉంటే నిజమైన సూపర్‌నోవా కూడా మసకగానే కనిపిస్తుంది. పుట్టుకతోనే తక్కువ వెలుగున్న సూపర్‌నోవాలూ ఉన్నాయి. గెలాక్సీ దూరం లెక్క తప్పితే అంతా తప్పుతుంది. పైగా మొదటి రోజు మీరు చూసింది శిఖరమో, ఇంకా ఎక్కుతున్న మెట్టో తెలియదు.

తర్వాత స్పెక్ట్రమ్

వెలుగును ఇంద్రధనుస్సులా విడగొట్టి చూస్తే హైడ్రోజన్ తన గీతను 656.3 నానోమీటర్ల దగ్గర వేస్తుంది. పదార్థం వేగంగా కదులుతుంటే ఆ గీత వెడల్పవుతుంది. ఫార్ములా చిన్నదే. వేగాన్ని కాంతి వేగంతో భాగించి, 656.3తో గుణించాలి. సెకనుకు 10 వేల కిలోమీటర్లకు దాదాపు 22 నానోమీటర్లు. 500 కిలోమీటర్లకు 1.1 నానోమీటరు. మొదటిది కొండలా ఉంటుంది, రెండోది సూదిలా. సూపర్‌నోవా పదార్థానిది మొదటి వేగం, పొంగిన నక్షత్రానిది సాధారణంగా రెండో రకం.

బాగుంది కదా? కానీ సూపర్‌నోవాల్లోనే టైప్ టూ-ఎన్ అని ఒక జాతి ఉంది. ఎన్ అంటే న్యారో, సన్నం. ఆ నక్షత్రం చావడానికి ముందే చుట్టూ పదార్థాన్ని చిమ్మి పెట్టుకుంటుంది. పేలుడు వెలుగు ఆ మబ్బు మీద పడి, అక్కడి నుంచి సూదుల్లాంటి గీతలు వస్తాయి. అంటే స్పెక్ట్రమ్‌లో సూది కనిపిస్తే అది ఇంపోస్టరూ కావచ్చు, టూ-ఎన్ సూపర్‌నోవా కూడా కావచ్చు. సూది అడుగున వెడల్పాటి కొండ దాగి ఉందా అన్నది వెతకాలి, మళ్లీ మళ్లీ స్పెక్ట్రమ్ తీయాలి.

ఇన్‌స్ట్రుమెంట్ పరిమితి ఇంకో తలనొప్పి. అమెరికాలో పాలోమార్ అబ్జర్వేటరీ 60 అంగుళాల టెలిస్కోప్ మీద ఎస్‌ఈడీ మెషీన్ అనే స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. రోజూ బోలెడన్ని చుక్కల్ని త్వరగా వర్గీకరించడానికే దాన్ని కట్టారు. త్వరగా అంటే ముతకగా అన్నమాట. దాని విభజన శక్తి సుమారు 100. అంటే సెకనుకు 3 వేల కిలోమీటర్ల కంటే సన్నటి గీతల వెడల్పును అది కొలవలేదు. సూదిని కూడా అది లావుగానే చూపిస్తుంది. మీ మోడల్‌కు ఆ స్పెక్ట్రమ్ ఇచ్చి వేగం చెప్పమంటే, అది చెప్పే అంకె నక్షత్రానిది కాదు, మెషీన్‌ది. కాలేజీలో ఫీచర్ ఇంజినీరింగ్ అని చదువుకుంటాం కానీ, ఆ ఫీచర్‌ను కొలిచిన సాధనం డేటాషీట్ చదవాలని ఎవరూ చెప్పరు.

పాత ఫొటోలు, ఆ తర్వాతి ఫొటోలు

సూపర్‌నోవాకు పునర్జన్మ లేదు. అందుకే ఒక చుక్క గతంలో కూడా వెలిగిందా అన్నది చాలా బలమైన ఆధారం. అయితే అది కూడా అడ్డం తిరిగిన సందర్భం ఉంది. జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి అనే అమెచ్యూర్ ఖగోళ పరిశీలకుడు 2004 అక్టోబరులో యూజీసీ 4904 గెలాక్సీలో ఒక చుక్క వెలిగి ఆరిపోవడం చూశాడు. రెండేళ్ల తర్వాత, 2006 అక్టోబరులో, సరిగ్గా అదే చోట ఎస్‌ఎన్ 2006జేసీ పేలింది. అది అసలైన సూపర్‌నోవా. 2004లో కనిపించింది ఇంపోస్టర్ తరహా పొంగు. చావుకు ముందు వచ్చిన పొంగన్నమాట. 'ఇంతకుముందు వెలిగింది కాబట్టి ఇది సూపర్‌నోవా కాదు' అని రూల్ రాసుకుని ఉంటే ఆ పేలుడు చేజారిపోయేదే.

పాత ఫొటోలకు ఎంత విలువ ఉంటుందో దీన్నిబట్టి చూడండి. హార్వర్డ్ వాళ్లు నూరేళ్లకు పైగా తీసిన గాజు ప్లేట్లను, 4 లక్షలకు పైగా, స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. మన హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ కూడా ఆకాశం మొత్తాన్ని ప్లేట్ల మీదికి ఎక్కించే కార్ట్ డు సియెల్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టులో ఒక పట్టీ బాధ్యత తీసుకుంది. అందులో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతు. ఆ ప్లేట్లు వేరే గెలాక్సీల్లోని ఒక్కో నక్షత్రాన్ని పట్టేంత లోతువి కావు, కానీ ఈ పని మన ఊళ్లో వందేళ్ల కిందే జరిగిందని చాలామందికి తెలియదు.

ఇక అంతా చల్లారాక చూసే చూపు. ఎన్‌జీసీ 2403లో 1954లో కనిపించిన ఎస్‌ఎన్ 1954జె బతికే ఉన్న నక్షత్రమని తేలింది. పేరులో మాత్రం ఎస్‌ఎన్ అలాగే ఉండిపోయింది. ఎం66 గెలాక్సీలోని ఎస్‌ఎన్ 1997బీఎస్ కథ తిరగబడింది. లిక్ అబ్జర్వేటరీ రోబో టెలిస్కోప్ సర్వే 1997 ఏప్రిల్ 15న పట్టిన మొట్టమొదటి సూపర్‌నోవా అది. 2000లో వచ్చిన పేపర్ దాన్ని ఇంపోస్టర్ అంది. ఆ తర్వాత ఇంపోస్టర్లకు పాఠ్యపుస్తకపు ఉదాహరణ అయిపోయింది. 2015లో ఆడమ్స్, కోచానెక్ అనే ఇద్దరు, అక్కడ నక్షత్రం మిగిలినట్టు లేదు, అది నిజమైన సూపర్‌నోవానే కావచ్చని వాదించారు. పదిహేనేళ్లు ట్రైనింగ్ సెట్లో ఇంపోస్టర్‌గా కూర్చున్న శాంపిల్ అది!

నా దృష్టిలో ఈ రంగం చేసిన తెలివైన పని పేరు పెట్టే పద్ధతి మార్చడం. 2016 నుంచి కొత్త చుక్క కనిపిస్తే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్ దానికి ఏటీ అని మాత్రమే పెడుతుంది. ఆస్ట్రనామికల్ ట్రాన్సియెంట్, అంటే 'ఆకాశంలో కొత్తగా ఏదో కనిపించింది' అని. స్పెక్ట్రమ్‌తో సూపర్‌నోవా అని తేలాకే ఎస్‌ఎన్ అవుతుంది. 'ఇంకా తెలియదు' అన్నదాన్ని కూడా ఒక లేబుల్‌గా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఇంజినీర్లకేం పని?

చాలా ఉంది. కాలిఫోర్నియాలోని పాలోమార్‌లో జ్విక్కీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ, జెడ్‌టీఎఫ్ అంటారు, 2018 నుంచి ఆకాశాన్ని స్కాన్ చేస్తోంది. కొత్త ఫొటోలోంచి పాత ఫొటోను తీసేస్తుంది. మిగిలిన ప్రతి మచ్చకూ ఒక అలర్ట్ పుడుతుంది. ఒక్కో రాత్రికి ఈ అలర్టులు లక్షల్లో ఉంటాయి. వాటిని పంపేది అపాచీ కాఫ్కా మీద, ప్యాకెట్ ఫార్మాట్ ఆవ్రో. అవును, మీరు డేటా ఇంజినీర్ జాబ్ డిస్క్రిప్షన్లలో చూసే ఆ కాఫ్కానే. ఒక్కో ప్యాకెట్‌లో 63 బై 63 పిక్సెళ్ల మూడు చిన్న ఫొటోలు ఉంటాయి. కొత్తది, పాతది, తీసివేత తర్వాతది. వాటితోపాటు ఆ చోటికి సంబంధించిన గత 30 రోజుల చరిత్ర.

ఆ 30 రోజులు అన్నది గుర్తుపెట్టుకోండి. ఇంపోస్టర్ రెండేళ్ల కింద పొంగి ఉంటే ప్యాకెట్‌లో ఆ ఆనవాలే ఉండదు. ఎవరో ఒకరు ఆర్కైవ్‌లోకి వెళ్లి పాత డేటా తవ్వి జత చేయాలి. ఆ పని చేసే కోడ్ రాయడం ఖగోళ శాస్త్రం కాదు, అచ్చమైన బ్యాకెండ్ పని.

చిలీలో కట్టిన రూబిన్ అబ్జర్వేటరీ మొదటి ఫొటోలు 2025 జూన్‌లో విడుదలయ్యాయి. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. పూర్తి స్థాయిలో నడిస్తే రాత్రికి కోటి దాకా అలర్టులు వస్తాయని అంచనా. స్పెక్ట్రమ్ తీయాలంటే పెద్ద టెలిస్కోప్‌ను ఒక్కో చుక్క వైపు తిప్పి కూర్చోవాలి. కోటిలో ఎన్నింటికి కుదురుతుంది? చాలా కొద్దింటికే. మిగతావన్నీ వెలుగు ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అన్న గ్రాఫ్ చూసి సాఫ్ట్‌వేర్ తేల్చాల్సిందే. దేనికి టెలిస్కోప్ సమయం ఇవ్వాలో కూడా సాఫ్ట్‌వేరే చెప్పాలి. ఒక పొంగును పేలుడనుకుంటే ఆ రాత్రి టెలిస్కోప్ సమయం వృథా. పేలుడును పొంగనుకుని వదిలేస్తే అది మళ్లీ రాదు.

ఈ సమస్య మీద 2018లో కాగుల్‌లో ప్లాస్టిక్ అనే పోటీ జరిగింది, వెయ్యికి పైగా టీములు పాల్గొన్నాయి. ట్రైనింగ్‌కు ఇచ్చింది 7,848 వస్తువులు. టెస్ట్ సెట్‌లో దాదాపు 35 లక్షలు. అంతకంటే పెద్ద మెలిక ఇంకోటి పెట్టారు. ట్రైనింగ్‌లో అసలు లేని కొన్ని రకాలను టెస్ట్‌లో కలిపి, వాటన్నిటికీ 99 అనే క్లాస్ ఇచ్చారు. ఆ 99లో ఇంపోస్టర్ల దగ్గరి బంధువులైన ఒక మోస్తరు వెలుగు వస్తువులు కూడా ఉన్నాయి. అంటే మీరెప్పుడూ చూడనిదాన్ని, చూడలేదని గుర్తుపట్టాలి. ఆ పోటీ డేటా ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి చెబితే 'మాకు నక్షత్రాలతో పనేంటి' అంటారేమో అని భయం వద్దు. బ్యాంకు ఫ్రాడ్ డిటెక్షన్ టీంలో పనిచేసేవాళ్లను అడగండి. మోసం జరిగిన లావాదేవీ వెయ్యిలో ఏ ఒకటో రెండో. అది మోసమని కస్టమర్ ఫిర్యాదు చేసేసరికి వారాలు గడుస్తాయి. వెయ్యి చుక్కల్లో ఐదే ఇంపోస్టర్లు ఉన్నాయనుకోండి. అన్నీ సూపర్‌నోవాలే అనే మోడల్‌కు కూడా 99.5 శాతం యాక్యురసీ వస్తుంది, కానీ అది పట్టింది సున్నా. యాక్యురసీ కాకుండా ఇంకేం చూడాలో మీరు ఈ ఉదాహరణతో చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పక వింటారు.

కెరీర్‌గా తీసుకుంటే?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మన దేశంలో ఖగోళ పరిశోధనలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, సైంటిస్ట్ కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. బెంగళూరులోని ఐఐఏ, పుణెలోని అయుకా, నైనిటాల్‌లోని ఏరీస్ లాంటి సంస్థలు ప్రధాన గమ్యాలు. పీహెచ్‌డీ ప్రవేశాలకు జెస్ట్, గేట్ స్కోర్లు పనికొస్తాయి. కొన్ని సంస్థలు బీటెక్ వాళ్లనూ తీసుకుంటాయి కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హతలు ఓపిగ్గా చదవండి. వేసవిలో విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి. అయుకా వెకేషన్ స్టూడెంట్స్ ప్రోగ్రాం వాటిలో పేరున్నది. అబ్జర్వేటరీల్లో ఇంజినీర్ ట్రైనీ, ప్రాజెక్టు ఉద్యోగాలకూ అప్పుడప్పుడూ ప్రకటనలు వస్తాయి, వాటిని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

పరికరాలకు కొదవ లేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాన్ని నడిపేది బెంగళూరు దగ్గరి హోస్కోటే నుంచి, ఉపగ్రహ లింకు మీద. అక్కడే ఐఐఏ, ఐఐటీ బాంబే కలిసి నడిపే 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోప్ ఉంది, అది పూర్తిగా రోబో. ఇలాంటి చుక్కల వెంట పడటమే దాని పని. ఏరీస్‌కు దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోప్ ఉంది.

పీహెచ్‌డీ ఆలోచన లేకపోయినా ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా చేయడానికి ఏ అడ్డూ లేదు. అలర్టులను వడగట్టి అందించే లాసైర్, అలెర్స్, ఫింక్ లాంటి వేదికలన్నీ ఓపెన్. అలెర్స్‌కు పైథాన్ లైబ్రరీ ఉంది, పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఆస్ట్రోపై నేర్చుకోవడానికి రెండు వారాంతాలు చాలు. జీపీయూ ఏమీ అక్కర్లేదు, హాస్టల్ వైఫై, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతాయి.

మొదట ఏటీ 2000సీహెచ్‌తో మొదలుపెట్టండి. ఎన్‌జీసీ 3432 గెలాక్సీలోని ఇంపోస్టర్. 2000లో పొంగింది, తర్వాత మళ్లీ మళ్లీ పొంగుతూనే ఉంది. 2023లో వచ్చిన పేపర్ ఈ పొంగులు దాదాపు 200 రోజులకోసారి వస్తున్నాయని చూపించింది, పక్కనే జంట నక్షత్రం తిరుగుతోందనడానికి అదొక సూచన. జెడ్‌టీఎఫ్ పబ్లిక్ డేటా తీసుకుని ఆ 200 రోజులు మీ కోడ్‌లో బయటపడుతుందేమో చూడండి. మధ్యలో నెలల తరబడి ఖాళీలుంటాయి. సూర్యుడు అటువైపు ఉన్నప్పుడు టెలిస్కోప్‌కు కనిపించదు కదా. ఆ ఖాళీలను ఏం చేశారన్నదే ప్రాజెక్టు రిపోర్టులో అన్నిటికంటే విలువైన పేజీ అవుతుంది.

అది అయ్యాక ఎస్‌ఎన్ 2009ఐపీ. దాని వెలుగు కొలతలు ప్రచురితమైన పేపర్ల టేబుళ్లలో ఉన్నాయి. ఆ డేటాను 2011 డిసెంబరు 31 దగ్గర కత్తిరించండి. ఆ తర్వాత జరిగింది మోడల్‌కు చూపించకండి. 'ఇదేంటి?' అని అడగండి. ఇంపోస్టర్ అంటుంది, ఆ రోజుకు అదే సరైన జవాబు. తర్వాత 2012 జులై నుంచి ఒక్కో కొలతే కలుపుతూ వెళ్లండి. ఏ తేదీన మీ మోడల్ మాట మార్చిందో నోట్ చేసుకోండి. ఆ తేదీ పక్కనే, అప్పటికి మోడల్ తన జవాబు మీద ఎంత నమ్మకంగా ఉందో ఆ శాతం కూడా రాసిపెట్టుకోండి.